జంటల రౌండు

“ఒంటిగా పోతావా? పెండ్లాన్ని పిల్సకరానికి ఒంటిగా పోయిన మగోడు మన ఇండ్లల్లో ఎవుడన్నా ఉన్నాడా?”

ఈరమ్మ గడప మీద అడ్డంగా కూర్చుంది. ఉరుకుందు బయటికి వెళ్లాలంటే తల్లిని దాటుకుని వెళ్లాలి.

“కాశప్ప మామ రానంటాండాడు గదమా. ఏం సేయమంటావు?”

“కాళ్లు పట్టుకో.”

“పట్టుకున్యా. కాళ్లు ఎనక్కి తీసుకున్యాడు.”

ఎదురింటి అరుగు మీద బీడీ ముట్టిస్తున్న కాశప్పకు ఆ మాట వినపడింది. వినపడాలనే ఉరుకుందు కాస్త గట్టిగా అన్నాడు.

“ఏమని రమ్మంటావురా నన్ను?” అన్నాడు కాశప్ప లేవకుండానే. “పెండ్లాం అలిగిపోతే నేను ముందర నిలబడి మాట్లాడతా. కొట్టి తరిమినా మాట్లాడతా, తాగుబోతోడనుకోండప్పా, ఈసారికి ఓర్సుకోండి అంటా. నీ కతకి ఏం సెప్పాల? ఉరుకుంద గుడి జాతరలో పెండ్లాన్ని ఇడిసిపెట్టి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, సెంబు నీళ్లు తాగినంకగానీ ఎనకాల ఆడమనిషి లేదని తెల్వలేదప్పా మావోనికి, అని సెప్పాల్నా?”

ఈరమ్మ తల తిప్పుకుంది.

“ఎనకాలే వస్తాందనుకుంటి మామా.”

“అనుకుంటావు. బస్సులో ముందర తలుపుకాడ నువ్వెక్కితివి, ఎనక తలుపుకాడ ఆ పిల్ల ఎక్కిందనుకుంటివి. ఊరికొచ్చేదాకా ఒక్కసారన్నా తిరిగి సూసినావా?”

ఉరుకుందు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. అతను ఎమ్మిగనూరులో వేరుశనగ మిల్లు హమాలీ. వీపు మీద బస్తా ఉన్నవాడు వెనక్కి చూడడు. చూస్తే మెడ పట్టేస్తుంది, వెనకవాడు వచ్చి గుద్దుకుంటాడు. బస్తా దింపాక కూడా అతని నడక అదే. పెళ్లైన ఈ మూడేళ్లలో యశోద ఎప్పుడూ అతని వెనక పది అడుగుల దూరంలో నడిచింది. ఆ వీధిలో ఏ ఇంటి ఆడదైనా అంతే. అందుకే ఆ తప్పు ఎక్కడ మొదలైందో కాశప్పకు కూడా సరిగ్గా అంతుపట్టలేదు.

జాతర మర్నాడే యశోద పుట్టింటికి, మద్దికెరకు వెళ్లిపోయింది. శ్రావణం పోయింది. పీర్ల పండగ పోయింది. ఇప్పుడు దసరా వస్తోంది. నిన్న మద్దికెర నుంచి మామ జయన్న కబురు పంపాడు. రేపు పొద్దున పెద్దమనుషులు కూర్చుంటారు. ఈలోగా వచ్చి పిల్లకు నచ్చజెప్పి తీసుకుపోతే సరే. లేదంటే తెగతెంపులే.

“అమా, లెయ్. బస్సు పోతాది.”

“పెద్దమనిషి లేకుండా పోతే నువ్వే మాట్లాడాల,” అంది ఈరమ్మ. గొంతులో కోపం లేదు, భయం ఉంది. “నీకు మాట్లాడనీకి వస్తాదా నాయనా?”

అతను తల్లిని దాటుకుని వీధిలోకి దిగాడు.

*

ఆదోని బస్టాండులో దిగేసరికి మద్దికెర బస్సు వెళ్లిపోయింది. మళ్లీ మూడింటికి.

ఉరుకుందు ఫోను తీసి యశోద నంబరు నొక్కాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. రెండు నెలలుగా ఆ ఫోను అంతే. కట్ చేసినా బాగుండును, అవతల మనిషి ఉన్నట్టు తెలిసేది.

పక్క బెంచీ మీద ఒక ముసలాయన భార్యకు అరటిపండు ఒలిచి ఇస్తున్నాడు. అటు చూస్తే జంట, ఇటు చూస్తే జంట. ఎండకు రేకుల కప్పు టపటపమంటోంది. అతను అక్కడ కూర్చోలేకపోయాడు.

బయట మైకు కట్టిన ఆటో ఒకటి తిరుగుతోంది.

“రండి, తరలి రండి! నక్షత్ర షాపింగ్ మాల్‌లో దసరా సంబరాలు! బెంగళూరు మోడళ్లతో ఫ్యాషన్ షో! ప్రవేశం పూర్తిగా ఉచితం! పూర్తి ఏసీ!”

ఫ్యాషన్ షో అంటే ఏమిటో అతనికి పెద్దగా తెలియదు. ఏసీ అంటే తెలుసు.

నాలుగంతస్తుల అద్దాల మేడ. గుమ్మం దగ్గర ఉరుకుందు వంగి చెప్పులు విడవబోయాడు. సెక్యూరిటీ అతను చెయ్యి పట్టుకుని ఆపాడు.

“గుడి కాదప్పా ఇది. ఏసుకునే పో.”

రెండో అంతస్తులో చీరల బీరువాలు పక్కకు నెట్టి, మధ్యలో పొడవాటి చెక్క వేదిక వేసి, దాని మీద ఎర్రగుడ్డ పరిచారు. అటూ ఇటూ తెల్ల ముసుగులు తొడిగిన కుర్చీలు. అప్పటికే నిండిపోయాయి. చిట్టచివరి వరుసలో రెండు కుర్చీలు మిగిలాయి. ఒకదానిలో అతను కూర్చున్నాడు. రెండోదానిలో గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకుని, ముప్పై ఏళ్ల మనిషి ఒకామె వచ్చి కూర్చుంది.

“ఈడ కూసుంటే దుడ్లు అడుగుతారాన్నా?” అంది మెల్లగా.

“లేదంట. ఊరకేనంట.”

“పెద్దాస్పత్రిలో మాయమ్మను సూసి వస్తాండా. పెద్దకడుబూరు బస్సు ఇంగా రాలే. కాళ్లు గుంజుతాంటే వస్తి.”

పాట మొదలైంది. గుండె మీద ఎవరో చరిచినట్టు శబ్దం. తెర వెనక నుంచి ఒక్కొక్క అమ్మాయీ వచ్చింది. ధర్మవరం పట్టు, వెంకటగిరి, గద్వాల. మైకులో పేర్లు చెబుతున్నారు. ఆ అమ్మాయిలు నవ్వలేదు. ఎవరినీ చూడలేదు. ఎర్రగుడ్డ చివరిదాకా వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టి, ఒక్క క్షణం ఆగి, తిరిగి వెళ్లిపోతున్నారు. అక్కడ తమకోసం ఎవరూ కాచుకుని లేరని ముందే తెలిసినట్టు ఉంది ఆ నడక.

“ఈ సీర సూడన్నా, నెమలికంఠం రంగు,” అంది పక్కామె.

ఉరుకుందుకు జాతరనాటి రాత్రి గుర్తొచ్చింది. ఎమ్మిగనూరు నుంచి ఆఖరి బస్సులో ఉరుకుందకు తిరిగి పరిగెత్తాడు. గుడి దగ్గర చెట్ల కింద, గుడారాల్లో, టెంకాయల అంగళ్ల మధ్య వెతికాడు. జనం ఒత్తిడికి ఫోన్లు కలవలేదు. ఔట్‌పోస్టులో కానిస్టేబుల్ మైకు పట్టుకుని అడిగాడు: “పేరు సరే. సీర ఏం రంగు?”

అతనికి తెలియలేదు.

పొద్దున్నుంచీ తనతోనే ఉన్న మనిషి. ఒకే బస్సులో వచ్చి, ఒకే ఆకులో తిన్న మనిషి. చీర ఏం రంగో తెలియలేదు. కానిస్టేబుల్ మైకు కింద పెట్టేశాడు.

“ఇప్పుడు ఆదోని జంటల రౌండు!” వేదిక మీది యాంకరమ్మాయి గొంతు అదిరింది. “మోడల్స్ కాదు, మీరే నడవాలి! వచ్చిన ప్రతి జంటకూ ఒక చీర, ఒక షర్టు గిఫ్ట్! ఎవరొస్తారు? సిగ్గు పడకండి!”

ఒక కొత్తజంట లేచింది. ముందు వరుసలో ఒకాయన తన భార్యను లాక్కుంటూ వెళ్లాడు. ఇంకో జంట కావాలి. యాంకరమ్మాయి వేదిక దిగి కుర్చీల మధ్యగా వచ్చేసింది. వెనకాలే కెమెరా పట్టుకున్న మనిషి.

“ఇదిగో, లాస్ట్ రోలో దాక్కున్నారు చూడండి! లేవండన్నా!”

“మేము జంట గాదు,” అన్నాడు ఉరుకుందు. పాట హోరులో ఆ మాట అతనికే వినపడలేదు.

పక్కామె అతని చెవి దగ్గరికి వంగింది. “సీర ఇస్తారంటన్నా. రెండు అడుగులే గదా, నడుద్దాం పా.”

“అన్నా అంటాండావు, జంటని ఎట్ల పోతాం?”

“ఈడ మనల్ని ఎవురు ఎరుగుదురు?”

వందల తలలు వాళ్లవైపు తిరిగాయి. చప్పట్లు. ఎవరో అతని భుజం పట్టి లేపారు. మెట్లెక్కేసరికి కళ్లమీద దీపాలు. కింద జనం కనపడలేదు. ఎర్రగుడ్డ మాత్రం కనపడింది.

ఉరుకుందు నడిచాడు.

మిల్లులో బస్తా మోసినట్టే, తల వంచి, చరచరా నడిచాడు. చివరికి చేరి ఆగాడు. అప్పుడు వినపడింది నవ్వు. కుర్చీలన్నీ కదిలేంత నవ్వు. పక్కామె ఇంకా వేదిక మొదట్లోనే, సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

“అన్నా! అన్నా!” యాంకరమ్మాయి నవ్వు ఆపుకోలేక మైకు నోటికి అడ్డం పెట్టుకుంది. “వదినను వెనకాల మర్చిపోయారు!”

ఆ నవ్వులో అతను ఒక్కడే నవ్వలేదు. దీపాల వెలుగులో అతని ముఖం చూసిన మొదటి వరుస ఆడవాళ్లు కూడా నవ్వు ఆపేశారు.

“వెనక్కి వెళ్లండన్నా. పక్కపక్కన నడవాలి. జంట కదా!”

అతను వెనక్కి వెళ్లాడు. ఆమె పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. ఆమె అడుగు చిన్నది. తన అడుగు కుదించుకోవాల్సి వచ్చింది. రెండుసార్లు ముందుకు పోబోయి ఆగాడు. ఆమె గాజుల చప్పుడు మోచేతి పక్కనే వినపడింది. గాజుల చప్పుడు అంత దగ్గర నుంచి నడుస్తూ వినడం అతనికి అదే మొదలు.

“సూపర్! మీ పేరేంటన్నా?”

“ఉరుకుందు.”

“మీ భార్య పేరు?”

మైకు అతని పెదాలకు తగులుతోంది. పెళ్లినాడు వాకిలి దగ్గర అడ్డగించి అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు, అంతే. మళ్లీ ఆ పేరు నోటితో పలకలేదు. ‘ఏమే’ అనేవాడు, లేదా ఏమీ అనేవాడు కాదు.

“యశోద,” అన్నాడు.

చప్పట్లు మోగాయి. కెమెరా దగ్గరికి వచ్చింది.

*

మెట్ల దగ్గర ఆమె గిఫ్టు సంచులు రెండూ, చీరదీ చొక్కాదీ, అతనికి చూపించింది.

“నా పేరు యశోద గాదన్నా.”

“నీ పేరు ఆమె అడగలేదు. నా పెండ్లాం పేరు అడిగె.”

ఆమె మొదట నవ్వింది. తర్వాత అతని ముఖం చూసి ఆగింది.

“ఆయమ్మ యాడుంది?”

“మద్దికెరలో. పుట్టినింట్ల. పిల్సకరాను పోతాండా.”

“అయ్యో. అట్లయితే ఈ సీర తీసకపో. ఒట్టి సేతులతో పోతావా?”

“నీతో నడిసి తెచ్చింది ఆయమ్మకు ఎట్ల ఇస్తా? నువ్వే పెట్టుకో. అంగీ మీ ఇంట్లోల్లకు ఇయ్యి.”

ఆమె సంచులు రెండూ చంకన పెట్టుకుని జనంలో కలిసిపోయింది.

బస్సు ఆదోని దాటి అరగంట కాలేదు, ఫోను మోగింది. రెండు నెలల్లో మద్దికెర నుంచి వచ్చిన మొదటి ఫోను. ఉరుకుందు గబుక్కున ఎత్తాడు. యశోద కాదు, ఆమె తమ్ముడు దేవరాజు.

“బావా, యాడుండావు?”

“వస్తాండా. బస్సులో ఉండా.”

“అదెవురు బావా?”

“ఎవురు?”

“ఆ అంగడోల్లు లైవ్ పెట్టినారు. ఆదోనిలో నా దోస్తు పంపినాడు. నాయన సూసినాడు. అక్క సూసింది.” దేవరాజు గొంతు తగ్గించాడు. “అక్క పేరు ఆయమ్మకు పెట్టినావే బావా!”

“దేవరాజూ, ఇను, అది...”

ఫోను కట్ అయింది. పొలాల్లో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంది. మద్దికెర దాకా అందులో ఎవరూ కూర్చోలేదు.

*

“రాప్పా, రా. ఒక్కనివే వస్తివా, ఆయమ్మను గూడ తెచ్చినావా?”

జయన్న అరుగు మీద నుంచి లేవలేదు. అల్లుడికి కాళ్లు కడుక్కోను నీళ్లు తెమ్మని ఎవరినీ పిలవలేదు.

“ఆయమ్మ ఎవురో నాకు తెల్దు మామా.”

“తెల్దా! నా కూతురి పేరు పెట్టి ఊరంతా తిప్పితివే!”

“ఊరంతా యాడ తిప్పితి? ఆ బల్ల మీద...”

“సెప్పినాడు సూడు, బల్ల మీదంట!”

“నాయనా, నువ్వుండు.”

యశోద గుమ్మంలోకి వచ్చింది. చిక్కిపోయింది. ఆకుపచ్చ చీర. ఉరుకుందు ఆ రంగును కళ్లతో గట్టిగా పట్టుకున్నాడు. ఆమె మెట్టు దిగకుండా తలుపు చెక్కకు ఆనుకుంది.

“ఆయమ్మ పేరేంది?”

“అడగలే.”

“పేరు తెల్వని మనిషి పక్కన అంత సక్కగా నడిస్తివే.”

“మైకామె సెప్పింది. సీర ఇస్తారని ఆయమ్మ ఆశపడె. బస్సు లేక పోయి కూసుంటి...”

“నేను తగువాడతాండలేదు. అడుగుతాండా.” యశోద గొంతు మామూలుగా ఉంది. అరిచినా బాగుండునని ఉరుకుందు అనుకున్నాడు. “ఆ మైకామె ఒక్కసారి సెప్తే ఎనక్కి వచ్చినావు. నేను మూడేండ్లు పిలిస్తి. సంతకు పోయినా, ఆస్పత్రికి పోయినా, ‘ఏమయ్యా, జర నిలబడు’ అని ఎనకాల నుంచి పిలిస్తి. నీకు ఇనపడలేదా?”

ఉరుకుందు నేల చూశాడు.

“ఇనపడేది.”

జయన్న కూడా తలెత్తాడు.

“ఇనపడేదా?”

“ఇనపడేది. నిలబడితే నలుగురు సూస్తారు. పెండ్లాం పిలిస్తే నిలబడినాడంటారు.”

“ఆడ నాలుగొందల మంది సూసినారు గదా?”

“ఆడ నన్ను ఎరిగినోల్లు లేరు,” అన్నాడు ఉరుకుందు.

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. పెద్దమనిషి పక్కన ఉండి ఉంటే ఆ మాట నోట్లోనే ఆపేవాడు.

యశోద తలుపు చెక్క వదిలింది. లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో గుడ్డల సంచీ ఉంది. కాళ్లకు చెప్పులు ఉన్నాయి.

“ఏందే ఇది?” అన్నాడు జయన్న.

“ఈయప్పతో పోతా నాయనా. రేపు పంచాయితీ అక్కర్లే.” ఆమె మెట్టు దిగి ఉరుకుందు ముందు నిలబడింది. “బస్సు నిలిసే కాడికి మా వీధిలో నడిసిపోదాం. నేను ఎనకాల రాను. ముందర పోను. పక్కన నడువు. అంతే. ఇంగేమీ అడగను.”

మద్దికెరలో ఆ వీధి పెద్దదేం కాదు. ఇటు కొళాయి దగ్గర బిందెలతో ఆడవాళ్లు. అటు టీ అంగడి బల్ల మీద మగవాళ్లు. ఇద్దరు ముగ్గురు అప్పటికే ఫోను మీద వంగి ఉన్నారు. ఒకడు తలెత్తి అల్లుణ్ణి గుర్తుపట్టాడు.

“ఏం హీరో! ఈడ గూడ షో ఉందా?”

బల్లంతా నవ్వింది. ఇంకొకడు ఈల వేశాడు. వాళ్లలో సగం మంది అతని పెళ్లిలో భోజనం చేసినవాళ్లు. ఎమ్మిగనూరు మిల్లు పనికి వచ్చినప్పుడు అతనితో కలిసి బీడీ కాల్చినవాళ్లు.

ఉరుకుందు కాలు ఎత్తాడు.

కాలు పడలేదు. ఒక్క ఊపిరి అంతసేపే. అడుగు వేసేవాడే. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా, వేసేవాడినేనని అతనికి అనిపించింది. కానీ ఆ ఒక్క ఊపిరిలో అతని కళ్లు టీ అంగడి వైపు వెళ్లి వచ్చాయి. ఆ కళ్లనే యశోద చూస్తోంది.

వెనక్కి తిరిగి మెట్లెక్కింది. సంచీ లోపల కింద పెట్టిన చప్పుడు వినపడింది. తలుపు మూసుకుంది.

“బస్సు వస్తాంది,” అన్నాడు జయన్న. ఇప్పుడు అతని గొంతులో వెక్కిరింత లేదు. “పోప్పా. రేపు మీ పెద్దమనిషిని తోడుకుని రా. నీకు మాట్లాడనీకి రాదు.”

దూరాన బస్సు హారన్ కొట్టింది. ఆగింది. మళ్లీ కదిలింది. ఉరుకుందు వెళ్లలేదు. అరుగు కొసన, ఎవరూ కూర్చోమనని చోట కూర్చున్నాడు. కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలెత్తుకుని వెళ్లిపోయారు. టీ అంగడి బల్ల ఖాళీ అయింది. జయన్న లోపలికి వెళ్లి, ఒకసారి బయటికి వచ్చి చూసి, మళ్లీ వెళ్లాడు. దేవరాజు చెంబుతో నీళ్లు తెచ్చి, పక్కన పెట్టి వెళ్లాడు. ఎమ్మిగనూరు నుంచి ఈరమ్మ ఫోను చేసింది. అతను ఎత్తలేదు.

పొద్దు గుంకింది. కిటికీలో దీపం వెలిగింది.

“పోలేదా?” లోపలి నుంచి యశోద.

“లేదు.”

మళ్లీ ఆ గొంతు, ఈసారి కిటికీకి దగ్గరగా.

“నేను గుడి కాడ కూసున్యప్పుడు, నువ్వు వస్తావని కూసుంటి. తెల్లారేదాకా వస్తావనుకుంటి. నువ్వు ఈడ ఏమొస్తాదని కూసున్యావు?”

“నేనొస్తిని గదా ఆ రాత్రి. ఎతికితి. మైకులో సెప్పమంటే...”

“సెప్పమంటే?”

చీర రంగు తెలియలేదని చెప్పాలి. చెబితే ఇక ఏమీ మిగలదు. చెప్పకపోతే, ఆమె ఎప్పటికీ అతను రాలేదనే అనుకుంటుంది.

“సీర ఏం రంగని అడిగినారు,” అన్నాడు ఉరుకుందు. “నాకు తెలీలే.”

కిటికీ దగ్గర నీడ కదల్లేదు. వీధిలో కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది. లోపల జయన్న ఏదో అడుగుతున్నాడు.

తలుపు తెరుచుకుంది. యశోద గుమ్మంలో నిలబడింది. వెనక దీపం ఉండటంతో ఆమె ముఖం కనపడలేదు. ఏడుస్తోందో, కోపంగా ఉందో ఉరుకుందు పోల్చుకోలేకపోయాడు.

“నాయనా,” అంది ఆమె, లోపలికి తిరగకుండానే. “పెద్దమనుషుల్ని రేపటిదాకా నిలపొద్దు. ఇప్పుడే పిలువు. ఈయప్ప ఇప్పుడన్న మాట వాళ్లు గూడ ఇనాల. ఆపైన నేను సెప్పాల్సింది ఉంది.”